ఆదిలాబాద్ అంటే ఏ జిల్లా?

నెమలినార చెట్టు చూశారా? ఎండాకాలంలో కాగితం లాంటి రెక్కల కాయలు గాలికెగురుతాయి. ఆకు నలిపితే ఒకటే కంపు! ఎల్మ్ కుటుంబం. సామర్లకోటలో పనిచేసిన రాక్స్‌బర్గ్ దీన్ని ఉల్మస్ అన్నాడు. 1848లో ప్లాంషాన్ హోలోప్టెలియాగా మార్చాడు.

హెర్బేరియంలో ఎండిన కొమ్మను షీట్‌కి అతికించి, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు కోశారో లేబుల్ రాస్తారు. నన్నడిగితే కొమ్మకన్నా లేబులే ముఖ్యం. పాత షీట్ మీద ఉత్త "ఆదిలాబాద్ జిల్లా" అనే ఉందనుకోండి. 2016 అక్టోబర్ 11న అది నాలుగు జిల్లాలైంది: ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్. కరీంనగర్‌దీ అదే కథ. డేటాబేస్‌లో ఎక్కడ పెడతాం? కళ్లు మూసుకుని కొత్త ఆదిలాబాద్‌లో వేస్తే, మంచిర్యాల అడవిలో కోసిన చెట్టు మ్యాప్‌లో మాయం! ఊరి పేరో వాగు పేరో ఉంటే బతికిపోతాం.

మీకు ఈ చెట్టు కనిపిస్తే ఫొటోతో పాటు ఊరి పేరు, అడవిదా నాటిందా అన్నది కామెంట్‌లో రాయండి.