ఉప్పు, దాహము, డయాలిసిస్

వారమునకు 168 గంటలు. డయాలిసిస్ చేయించుకొను రోగి సాధారణముగా వారమునకు మూడు మారులు, మారునకు నాలుగు గంటల చొప్పున, 12 గంటలు యంత్రము చెంత నుండును. తక్కిన 156 గంటలును ఇంటివే. పేదలకు ఉచితముగా డయాలిసిస్ జరిపించుటకు 2016లో జాతీయ కార్యక్రమ మొకటి ఆరంభమైనది. యంత్రపు వ్యయమును ప్రభుత్వము భరింపవచ్చును గాని, పథ్యమును ఇంటివారే నడుపవలెను. మా మాట వినుచున్న ఇండ్లలో రోగి లేకపోవచ్చును. వంట చేయువారు తప్పక ఉందురు.

రోగి పథ్యము నెంతవరకు పాటించెనో వైద్యులు అడుగుటయే గాక తూచియు తెలిసికొందురు. రెండు డయాలిసిస్‌ల నడుమ పెరిగిన బరువు చాలవరకు ఒంటిలో నిలిచిన నీరే. లీటరు నీటికి కిలో బరువు. ఆదోని, ఎమ్మిగనూరు ఎండల నెరిగినవారికి “నీరు తగ్గించుము” అను మాట ఎంత కఠినమో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ రోగిని నిందించుటకు మాకు మనసు రాదు. అయితే దాహమునకు ఎండ యొక్కటియే కారణము కాదు. ఉప్పు తినిన ఒడలు నీరు కోరును. చిక్కు జొన్నరొట్టెలో అంతగా లేదు, దాని ప్రక్కకు వచ్చు ఊరగాయలోను, ఉప్పు పట్టించిన మిరపకాయలోను ఉన్నది. ఉప్పు తగ్గింపక నీరు తగ్గింపు మనుట రోగిని హింసించుటయే.

బుడ్డల పొడి సంగతి వేరు. బుడ్డలలో పొటాసియము, భాస్వరము రెండును హెచ్చు. రక్తములో పొటాసియము పెరిగినచో గుండె లయ తప్పును. చలువ చేయునని బంధువులు ప్రేమతో తెచ్చు కొబ్బరిబొండమునందును ఈ పొటాసియమే. కూరగాయలను చిన్న ముక్కలుగా తరిగి, ఎక్కువ నీటిలో ఉడికించి, ఆ నీరు పారబోసినచో అది కొంత తగ్గును. ఆ నీటితోనే చారు కాచినచో శ్రమ వృథా.

మితిమీరిన పథ్యము వేరొక కీడు. మూత్రపిండములు క్షీణించుచున్న తొలినాళ్ళలో మాంసకృత్తులు తగ్గింపుమందురు. డయాలిసిస్ ఆరంభమైన పిదప మాట మారును: కిలో బరువునకు రోజునకు 1 మొదలు 1.2 గ్రాముల వరకు కావలెను. పాత పథ్యమునే పట్టుకొని నీరసించు రోగి, ఎంత నిష్ఠ చూపినను, పథ్యము తప్పినవాడే. గ్రుడ్డులోని తెల్లసొన ఇట్టివారికి మేలు.

నీటికి మాత్రము ఒక ఉపాయ మున్నది. వైద్యుడు చెప్పిన కొలత నీటిని ఉదయమే ఒక సీసాలో పోసి ఉంచవలెను. కాఫీ త్రాగినప్పుడు అంత నీరు అందులోనుండి తీసివేయవలెను. మజ్జిగయు ఆ లెక్కలోనిదే.