క్రైస్తవమున యుగవిభాగ సిద్ధాంతము

మన పురాణములలో కాలము నాలుగు యుగములుగ విభక్తమై చక్రమువలె మరల మరల తిరుగుచుండును. క్రైస్తవుల కాలగమన మట్టిది కాదు. అది సృష్టితో మొదలై తీర్పుతో ముగియు ఒకే బాట. ఆ బాటను ఏడు మజిలీలుగ విభజించి, ప్రతి మజిలీలోను దేవుడు మానవునికొక పరీక్ష పెట్టెననియు, ప్రతి పరీక్షలోను మానవుడు తప్పెననియు చెప్పు సిద్ధాంతమొకటి కలదు. ఆంగ్లమున దానిని డిస్పెన్సేషనలిజమందురు. దాని పుట్టుపూర్వోత్తరములను మేమిచట విన్నవింపదలచితిమి.

దీనికి మూలమైన గ్రీకు పదము 'ఓయికొనోమియా'. ఇంటి పెత్తనమని దాని అర్థము. యజమానుడు పొలమును, ధాన్యపు కొట్టును ఒకని కప్పగించి, గడువు తీరగనే లెక్క యడుగును గదా! తెలుగు బైబిలులోని 'గృహనిర్వాహకత్వ' మదియే. చరిత్రను దశలుగ జూచుట క్రొత్త గాదు. 12వ శతాబ్దమున ఇటలీ సన్న్యాసి ఫియోరే జోకిము మూడు యుగములను జెప్పెను. కాని దీనికొక సంపూర్ణ సిద్ధాంతరూప మిచ్చినవాడు జాన్ నెల్సన్ డార్బీ.

డార్బీ 1800లో లండనున జన్మించి, డబ్లినులోని ట్రినిటీ కళాశాలలో పట్టము పొంది, న్యాయవాదవృత్తిని విడిచి, 1826లో ఐర్లండు ఆంగ్లికను సంఘమున గురువయ్యెను. విక్లో కొండపల్లెలలో బీదలమధ్య పనిచేసెను. మతము మారువారు రాజునకు విధేయతా ప్రమాణము చేయవలెనని ఆర్చిబిషప్పు కోరుట ఆయనకు నచ్చలేదు. క్రీస్తు సంఘమునకు రాజుగారి ముద్రయేల? ఈ ప్రశ్న మనస్సును కలచుచుండగనే గుఱ్ఱముపైనుండి పడి గాయపడెను. డబ్లినులో సోదరి యింట మంచము పట్టియున్న దినములలో యెషయా గ్రంథము 32వ అధ్యాయమును చదివి ఒక నిశ్చయమునకు వచ్చెను. ఇశ్రాయేలునకు దేవుడు చేసిన వాగ్దానములు భూసంబంధమైనవి, అవి అక్షరాల నెరవేరవలసినవి; సంఘమన్ననో పరలోకసంబంధమైనది; ఈ రెండును వేరు. సిద్ధాంతమంతయు ఈ భేదముపైననే నిలిచినది.

1831 మొదలు ఐర్లండులో లేడీ పవర్స్‌కోర్టు ఆధ్వర్యమున జరిగిన సభలలో ప్రవచనములపై చర్చలు సాగెను. దానియేలు గ్రంథమున డెబ్బది వారములు, అనగా 490 సంవత్సరములు చెప్పబడినవి. అందు 69 వారములు క్రీస్తు కాలమునకు ముగిసినవనియు, ఆపైన గడియారము నిలిచిపోయినదనియు, కడపటి ఏడేండ్లు మిగిలియున్నవనియు ఈ వాదులందురు. ఆ విరామకాలమే సంఘకాలము. మహాశ్రమల ఏడేండ్లకు ముందే విశ్వాసులు ఆకాశమునకు కొనిపోబడుదురు. మన క్రైస్తవ సోదరులు 'సంఘము ఎత్తబడుట' అనునది ఇదియే. పిదప క్రీస్తు భూమికి తిరిగివచ్చి వెయ్యేండ్లు పరిపాలించును.

విచిత్రమేమనగా, సంఘైక్యమును కోరి ప్లిమత్ సోదరులుగ ప్రసిద్ధికెక్కినవారే చీలిపోయిరి. సంఘముకూడ శ్రమలకాలమును దాటవలెనని న్యూటన్ అను బోధకుడు వాదించెను. 1845లో ఆయనకును డార్బీకిని కలహము ముదిరెను. 1848లో సోదరవర్గము రెండయ్యెను. ఈ ప్రమాదమును ముందే పసిగట్టినవాడు ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్. 1836లో హిందూదేశమునకు మరల బయలుదేరు తరుణమున ఆయన డార్బీకి లేఖ వ్రాసి, ఇతరుల దోషములను వెదకి వేరుపడుటకన్న వారి మంచితో కలిసియుండుట మేలని హెచ్చరించెను. ఆ యాత్రలో ఆయన వెంట వచ్చిన బౌడెన్, బీర్ అనువారే మన గోదావరి డెల్టాలో నరసాపురము, పాలకొల్లు ప్రాంతములందు పరిచర్యకు పునాది వేసిరి.

సిద్ధాంతము ఫలించినది అమెరికాలో. డార్బీ 1862-77 మధ్య అచటికి పలుమార్లు పయనించెను. నయాగరా బైబిలు సభలు ఆ భావములను వ్యాపింపజేసెను. కాని వేయి సభలు చేయలేని పని ఒక గ్రంథము చేసినది. పూర్వము న్యాయవాదియైన స్కోఫీల్డు 1909లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయమువారిచే వ్యాఖ్యానసహితమైన బైబిలును ప్రకటింపజేసెను. నిర్దోషత్వము, మనస్సాక్షి, మానవ ప్రభుత్వము, వాగ్దానము, ధర్మశాస్త్రము, కృప, రాజ్యము అను ఏడు యుగములు అందు పుటల యడుగున వెలసెను. మూలమును, వ్యాఖ్యను ఒకే పుటలో చదివిన సామాన్యునికి ఏది ప్రవక్త పలుకో, ఏది స్కోఫీల్డు పలుకో తోచని స్థితి యేర్పడెను. 1924లో డాలసున స్థాపితమైన వేదాంత కళాశాల ఈ బోధకు నిలయమయ్యెను.

ఎదురువాదమును బలముగనే వచ్చినది. ఈ బోధ తమ విశ్వాసప్రమాణమునకు పొసగదని 1944లో అమెరికా దక్షిణ ప్రెస్బిటీరియను సంఘము నిర్ణయించెను. 1948లో ఇశ్రాయేలు రాజ్యమేర్పడగా, ప్రవచనము నెరవేరినదని ఈ వాదులు పలువురు సంతోషించిరి. 1970లో వెలువడిన హాల్ లిండ్సే గ్రంథము వార్తాపత్రికను బైబిలు ప్రక్కన పెట్టి చదువు అలవాటును ఇంటింటికి చేర్చెను. 1990 ప్రాంతమున ఆ వర్గమువారే కొందరు ఇశ్రాయేలునకును సంఘమునకును నడుమనున్న గోడను తగ్గించుటకు పూనుకొనిరి.

ఎవరి పక్షము సత్యమో తేల్చుట మా పని గాదు. కాని ఇందొక ప్రశ్న కలదు. లోకము మునుగుచున్న ఓడయని నమ్మినవాడు దానిని బాగుచేయునా, తనవారిని పడవలోని కెక్కించుకొని తప్పుకొనునా? ఒక దేశము మీదను, ఒక జాతి మీదను మన చూపును నిర్ణయించునది మూలవాక్యమా, పుట యడుగు వ్యాఖ్యయా? వ్యాఖ్య లేక గ్రంథము బోధపడకపోవచ్చును. కాని వ్యాఖ్యకు కర్త యొకడు, కాలమొకటి కలవని మరువరాదు. ఇంటి పెత్తనమనగా ఆ లెక్కను సరిగా నుంచుకొనుటయే గదా!