బొమ్మ ట్యాంకు మొరాయించినప్పుడు

రేడియో తరంగములు మాటలను, పాటలనే గాక ఆజ్ఞలను గూడ మోయగలవు. 1898లో న్యూయార్కు నగరమునందలి మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నికోలా టెస్లా ఒక చిన్న పడవను తీగ లేకుండ దూరమునుండి నడిపి చూపినాడు. నేటి బొమ్మ ట్యాంకులు ఆ పడవ సంతతిలోనివే. జపానులోని షిజువోకా నగరపు తామియా సంస్థ 1974లో అమెరికా షెర్మన్ ట్యాంకును 16వ వంతు పరిమాణమున, రేడియోతో నడచునట్లు తయారుచేసి విక్రయించినది. నేడు అనేక దేశములలో పిల్లలును, పెద్దలును ఇట్టి ట్యాంకులతో వినోదించుచున్నారు.

శ్రోతలారా, ఈ ట్యాంకుల వెల స్వల్పము కాదు. అది ఒకనాడు కదలక నిలిచినచో, లోపలి బోర్డు కాలిపోయినదని తీర్పు చెప్పి కొత్త బోర్డు కొనువారు కలరు. కొత్తదానికిని అదే గతి పట్టిన పిదప గాని అసలు దోషము వేరని వారికి తెలియదు. వైద్యుడు మందు వ్రాయుటకు ముందు నాడి చూచును గదా! ఇచ్చటను ఆ క్రమమే పాటింపవలెను.

మొదట చూడవలసినది బ్యాటరీ. నికెల్ జాతి బ్యాటరీలో 1.2 వోల్టుల సెల్లులు ఆరు చేరి 7.2 వోల్టులగును. లిథియం జాతిలో రెండు సెల్లులు చేరి 7.4 వోల్టులగును, నిండుగా చార్జి అయినప్పుడు 8.4 ఉండును. ఊరక ఉన్న బ్యాటరీని మల్టీమీటరుతో కొలిచి తృప్తిపడరాదు. ట్యాంకు నడచుచుండగా కొలువవలెను. అప్పుడు వోల్టేజి బాగుగా పడిపోయినచో బ్యాటరీ ముసలిదైనను కావలెను, దారిలో అడ్డంకియైనను ఉండవలెను.

ఆ అడ్డంకి తరచుగా ఒక లూజు కాంటాక్టు. కనెక్టరులో 0.2 ఓముల నిరోధము ఉన్నదనుకొందము. దానిగుండ 5 ఆంపియర్లు ప్రవహించినచో 1 వోల్టు అచ్చటనే నష్టమగును. 5 వాట్ల వేడి పుట్టును. కనుక ట్యాంకును కొంతసేపు నడిపి, బ్యాటరీ విప్పి, కనెక్టరులను తాకి చూడుడు. వేడెక్కినదే దోషి.

కొన్ని ట్యాంకులు తిన్నగా చక్కగా పోవును. మలుపు తిరుగబోగా ఆగి, దీపములు ఆరి, మరల మేల్కొనును. దీనికి కారణము కలదు. ట్యాంకునకు స్టీరింగు చక్రములు లేవు. ఒక ప్రక్క గొలుసు ఆగి, రెండవది నడచుటవలననే అది తిరుగును. గొలుసులు నేలను అడ్డముగా రాచుకొనుటచే మోటార్లు అప్పుడే అధికమైన కరెంటును లాగును. బ్యాటరీ వోల్టేజి క్రుంగి, రిసీవరునకు చాలినంత అందక, అది ఆగి మరల మొదలగును. రిమోటును నిందించి ప్రయోజనము లేదు.

తరువాత ట్యాంకును ఒక చెక్కదిమ్మపై నిలిపి, గొలుసులు నేల తాకకుండ నడిపి చూడుడు. గాలిలో తిరిగి నేలపై ఆగినచో, గొలుసు బిగువైనదో, ఇరుసుకు దారము, వెంట్రుకలు చుట్టుకొన్నవో పరిశీలింపవలెను. గాలిలోను ఒక ప్రక్క తిరుగనిచో, బోర్డువద్ద రెండు మోటార్ల వైర్లను తారుమారు చేయుడు. మునుపటి మోటారే నిలిచియున్నచో దోషము మోటారుది, లేక దాని వైరుది. అది తిరిగి, రెండవది నిలిచినచో దోషము బోర్డుది. ఒక్క పైసా ఖర్చు లేని పరీక్ష ఇది.

పై గోపురమునకు పోవు వైర్లు పలుమార్లు మెలిపడుటచే, పైతొడుగు చెడకయే లోపలి రాగి తెగును. బ్యాటరీ తీసివేసి, మల్టీమీటరు మ్రోగునట్లు పెట్టి, వైరును మెల్లగా వంచుడు. మ్రోత తెగినచోటనే వైరును తెగినది.

మోటారు బ్రష్షులవద్ద పుట్టు నిప్పురవ్వ ఒక మొరటు ప్రసారిణి. దానిని అణచుటకే మోటారు కొనలమధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరును అతుకుదురు. పాత 27 మెగాహెర్ట్‌జ్ సెట్లను ఈ గోల మిక్కిలి బాధించెడిది, నేటి 2.4 గిగాహెర్ట్‌జ్ సెట్లకు బాధ తక్కువ. దీనిని పట్టుటకు మీ ఇంటి మీడియం వేవ్ రేడియోయే చాలును. స్టేషను లేనిచోట ముల్లు నిలిపి, ట్యాంకు దగ్గర ఉంచి, ఒక్కొక్క మోటారునే నడుపుడు. దేనివలన చిటపట ఎక్కువగునో, దాని బ్రష్షులను, కెపాసిటరును చూడవలెను.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. లిథియం సెల్లును 3 వోల్టులకు దిగువ వాడరాదు. ఉబ్బినదానిని చార్జి చేయరాదు. చార్జి అగుచుండగా విడిచి పోరాదు. ఎఱ్ఱ, నల్ల తీగలు ఒకదానికొకటి తగిలినచో నిప్పంటుకొనవచ్చును. సోల్డరు పెట్టుటకు ముందు బ్యాటరీని విప్పుడు, పిల్లలచెంత పెద్దలుండుడు.

ఒక తూరి ఒక్క మార్పే చేసి, ఫలితము చూచి, పిదప రెండవది చేయుడు. కారణము కనుగొని బొమ్మను బాగుచేసిన బిడ్డ, రేపు ఇంటిలో ఏ యంత్రము నిలిచినను తొందరపడి దానిని పారవేయడు.