కేసు షీటు వెనక పేజీ

ఈరోజు పట్టా పుచ్చుకుంటున్న డాక్టర్లకు నా ఆశీస్సులు.

మాది చీడికాడ. వానాకాలం వస్తే మా వైపు అటక మీది బెల్లం చెమ్మగిల్లి బూజు పడుతుంది. గడ్డివాముల్లోనూ బూజే. ఆ బూజుల్లో ఒకటైన ఆస్పర్‌జిల్లస్ బీజాల్ని మనమంతా రోజూ పీలుస్తూనే ఉంటాం, ఏమీ కాదు. అవయవ మార్పిడి జరిగినవాళ్లకు మాత్రం అవే ప్రాణం మీదికి తెస్తాయి.

దాదాపు ఇరవై ఏళ్ల కిందటి మాట. చెరకు రైతు ఒకాయనకు భార్య కిడ్నీ ఇచ్చింది. తర్వాత ఆయనకు జ్వరం వచ్చింది. ఆస్పర్‌జిల్లస్ లాంటి బూజుల్లో ఉండే గెలాక్టోమానన్ అనే పదార్థాన్ని వెతికే పరీక్షలో ఇండెక్స్ 0.8. రక్తంలో 0.5 చేరితే పాజిటివ్ కింద లెక్క. ఆ రాత్రే బూజును చంపే వోరికొనజోల్ మొదలుపెట్టాను. దానితో, కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా ఇచ్చే టాక్రోలిమస్ ఒంట్లో పేరుకుంటుందని తెలిసి, మోతాదు మూడో వంతుకు దించాను కూడా. అయినా మూడో రోజు పొద్దున ఆయన కంచం ముందు కూర్చుని, "సెయ్యి వొణికిపోతంది బాబూ, ముద్ద నోటికి అందట్నేదు" అన్నాడు. టాక్రోలిమస్ ఎక్కువైతే వచ్చే వణుకది. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.2 నుంచి 2.1కి ఎక్కింది.

అప్పుడు తిరగేశాను కేసు షీటు. రక్తం తీసేనాటికి రెండు రోజులుగా పెన్సిలిన్ జాతి యాంటీబయాటిక్ పిపెరాసిలిన్-టాజోబాక్టమ్ ఎక్కుతోంది. పెన్సిలిన్ జాతి మందులకు మూలం బూజే. అప్పటి తయారీల్లో మిగిలిన గెలాక్టోమానన్ జాడ ఈ పరీక్షను మోసం చేసేది. ఇప్పుడది బాగా తగ్గింది. గ్లూకోనేట్ కలిసిన సెలైన్లతోనూ ఇలా జరిగింది. ఆయన సీటీలో ఊపిరితిత్తులు శుభ్రం. యాంటీబయాటిక్ ఆపి మళ్లీ పంపిన రక్తం నెగటివ్.

ఇది ఆయనొక్కడి కథ కాదు. వెయ్యిమందికి ఈ పరీక్ష చేశామనుకోండి. నిజంగా జబ్బున్నది 20 మందికే. జబ్బులేని ప్రతి వందమందిలో పదిమందికి పొరపాటున పాజిటివ్ వస్తే, 98 మంది నాకు దొరికిన రైతులాంటివాళ్లే.

అలాగని పాజిటివ్‌ను కొట్టిపారేయకండి. సీటీలో గడ్డలు కనిపిస్తే, ఆక్సిజన్ పడిపోతుంటే గంటసేపు కూడా ఆగొద్దు. ఆస్పర్‌జిల్లస్ జాలిపడదు. నెగటివ్‌నూ గుడ్డిగా నమ్మకండి. మ్యూకర్ అనే మరో బూజు ఈ పరీక్షకు చిక్కనే చిక్కదు.

ఆయన క్రియాటినిన్ 1.4 దాకా దిగింది, మొదటి అంకెకు మళ్లీ రాలేదు. ఆ కిడ్నీ ఆయన భార్యది. రేపటి నుంచి ల్యాబుకు పంపే ప్రతి ఫారం మీద ఏ యాంటీబయాటిక్, ఏ సెలైన్, ఎప్పటినుంచి ఎక్కుతోందో మీ చేత్తో రాయండి.