బేతాళుని ప్రశ్న

అక్టోబరు 31వ తేదీ రాత్రి పాశ్చాత్య దేశములలో హాలోవీన్ అను వేడుక జరుగును. పిల్లలు దయ్యముల వేషములు వేసికొని ఇంటింటికిని పోయి మిఠాయిలు అడుగుదురు. కొన్ని ఇండ్లలో దీపములు తగ్గించి, పాత దయ్యపు కథ నొకదానిని ఒకరు పైకి చదువగా తక్కినవారు విందురు. అమెరికాలోని మన తెలుగు పిల్లలకును ఇది ఇప్పుడు పరిచితమైన పండుగయే. మా అర్ధవీడు వైపు పెద్దలతో ఈ మాట చెప్పినచో, దయ్యములకు కూడ పండుగ యేమి నాయనా యని నవ్వుదురు. వేషముల మాట యెట్లున్నను, చీకటిలో కూర్చుండి దయ్యపు కథ వినుట మాత్రము మనకు క్రొత్త కాదు. శ్రోతలతో నేడు మేము ముచ్చటింపగోరునది ఆ సంగతియే.

మన దేశపు కథలకు పుట్టినిల్లని చెప్పదగిన బృహత్కథ పైశాచీ భాషలో వెలసినదని ప్రతీతి. మూలము నేడు లభించుట లేదు. దాని పుట్టుక, 11వ శతాబ్దమున కాశ్మీరమందు సోమదేవుడు సంస్కృతమున రచించిన కథాసరిత్సాగరములో చెప్పబడినది. శాతవాహన రాజు కొలువులోని గుణాఢ్యుడు పందెమున ఓడి, సంస్కృత ప్రాకృత దేశభాషలను విడిచి, అడవికి పోయెను. అచ్చట కాణభూతి యను పిశాచము చెప్పగా విని, ఏడు లక్షల శ్లోకముల కథను, సిరా లేనందున, తన నెత్తుటితో వ్రాసెను. రాజు దానిని తిరస్కరించెను. గుణాఢ్యుడు కొండపై అగ్నిగుండము రగిల్చి, ఒక్కొక్క పుటయే పైకి చదివి నిప్పులో వేయసాగెను. మృగములు మేత మాని, కన్నీరు కార్చుచు చుట్టును నిలిచి వినినవి. అవి చిక్కిపోగా రాజుగారి వంటశాలకు సారము లేని మాంసమే చేరెను. ఆయనకు జబ్బు చేసెను. కారణము వెదకుకొనుచు రాజు వచ్చునప్పటికి ఒక లక్ష శ్లోకములు మాత్రమే మిగిలియుండెను. ఇది కట్టుకథయే కావచ్చును. అయినను, కథ పైకి చదువుటను గురించి ఇంతకు మించిన కథ మే మెరుగము. వ్రాసి పంపగా రాజు త్రోసివేసిన దానిని, చదివి వినిపింపగా లేళ్లు మేత మాని వినినవి!

బేతాళుని 25 కథలును ఈ కథాసరిత్సాగరములోనే కలవు. అందలి రాజు గోదావరి యొడ్డున ప్రతిష్ఠానపురమును ఏలిన త్రివిక్రమసేనుడు. మన పిల్లలెరిగిన విక్రమార్కుడు ఆయనయే. కృష్ణ చతుర్దశి రాత్రి శ్మశానమునకు రమ్మని భిక్షు వొకడు ఆయనను పిలుచును. చెట్టున వ్రేలాడు శవమును భుజమున వేసికొని నడచుచుండగా, శవములోని బేతాళుడు దారి అలసట తీరుటకై కథ చెప్పి, చివర నొక చిక్కు ప్రశ్న వేయును. తెలిసియు చెప్పనిచో రాజు తల పగులును. నోరు విప్పినచో శవము మరల చెట్టెక్కును. కథ చెప్పునది దయ్యము, వినువాడు మనుష్యుడు, పరీక్ష వినువాని వివేకమునకు. ఈ ఏర్పాటు మాకు మిక్కిలి ముచ్చటగా తోచును.

ఈ కథలు మా పల్లెలకు చేరినది ఎక్కువగా చందమామ వలన. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మద్రాసున నెలకొల్పిన ఆ మాసపత్రికలో బేతాళ కథ దశాబ్దముల తరబడి సాగెను. మూలములోని కథలు తీరిపోయిన పిదప రచయితలు క్రొత్త కథలను అదే చట్రములో కూర్చిరి. కత్తి చేతబట్టి శవమును మోయు రాజును శంకర్ గారు గీచిన బొమ్మ ఎందరి కన్నులలోనో నిలిచిపోయినది. నల్లమల అంచున, కంభమునకు చేరువగా నున్న మా ఊళ్లలో చదువు వచ్చినవారు తక్కువగా నున్న దినములలో, బడికి పోవు పిల్లవాడొకడు అరుగుమీద లాంతరు వద్ద కూర్చుండి చదువును. అవ్వలును, పొలమునుండి వచ్చినవారును చుట్టు చేరుదురు. ఒకనాడు మందారవతి కథ వచ్చినది. ముగ్గురు యువకులు కోరిన పిల్ల జ్వరముతో చనిపోయెను. ఒకడు ఆమె బూడిదపైననే పండుకొనుచుండెను. ఒకడు ఎముకలను గంగలో కలిపెను. మూడవవాడు దేశములు తిరిగి మంత్రము సంపాదించి ఆమెను బ్రతికించెను. ఆమె ఎవరి భార్య? బ్రతికించినవాడు తండ్రివంటివాడు, గంగకు పోయినవాడు కొడుకువంటివాడు, బూడిదను విడువనివాడే భర్త యని రాజు తీర్పు. అవ్వ యొకతె ఒప్పుకొనలేదు. "బూడిద మీద పండుకున్నోడు తన ఏడుపు తాను ఏడ్చుకున్నాడు. లేచి కూర్చున్న పిల్లను ఒక్క మాట అడగొద్దా నాయనా?" అనెను. ఆ రాత్రి వీధి వీధియంతయు వాదించెను. శ్మశానమును, బేతాళుని అందరును మరచిరి.

ఇంగ్లండులో ఈ ఆచారము హాలోవీన్ కంటె క్రిస్మసు రాత్రులకే యెక్కువగా చెందినది. డికెన్సు 1843లో ప్రకటించిన 'క్రిస్మస్ కెరోల్' దయ్యముల కథయే. దానిని ఆయనయే సభలలో చదివి వినిపించుచుండెను. కేంబ్రిడ్జి పండితుడు ఎం. ఆర్. జేమ్స్ క్రిస్మసు ముందటి రాత్రి మిత్రులకు చదువుటకై కథలు వ్రాసి, 1904లో తొలి సంపుటము వెలువరించెను. జపానులో నూరు దీపములు వెలిగించి, కథ కొకటి చొప్పున ఆర్పుచు పోవు వినోద ముండెను.

పిల్లలకు దయ్యపు కథలు వినిపించుట తగునా యని అడుగువారు కలరు. ఆ ప్రశ్నను మేము తేలికగా తీసివేయము. చేతబడి చేసినారను అనుమానముతో నిస్సహాయులను కొట్టిన, చంపిన వార్తలు తెలుగునాట ఈ శతాబ్దమునందును పత్రికల కెక్కినవి. 1990 దశకమున 'ఓ స్త్రీ రేపు రా' అని తలుపులపై వ్రాసికొన్న ఊళ్లు కలవు. కన్నడ సీమలోను అట్టి వ్రాతయే కనబడెను. రాత్రి దయ్యము తలుపు తట్టునట, పలికినవారికి చావట! ఆ పుకారును మొదట చెప్పినవా డెవడో తెలియదు. కనుక దానిని నిలదీయుటకు వీలులేదు. చదివిన కథకు మొదలు కలదు, తుద కలదు, మూయుటకు అట్ట కలదు. అవ్వ రాజు తీర్పుతో వాదించినట్లు పుకారుతో ఎవరు వాదింపగలరు? పదిమంది నడుమ, దీపము వద్ద చదివిన కథ వలన మూఢత పెరుగునని మేము తలపము. బెదరు గల పసివారిని మాత్రము ఒడిలో కూర్చుండబెట్టుకొనుడు, లేదా మరియొక యేడు ఆగుడు.

చందమామ 2013 నాటికి ఆగిపోయినది. నేడు కథ చేతిలోని ఫోనులో ఎవరికి వారికి వేరుగా వినిపించుచున్నది. పిల్ల వినుచున్నది అవ్వకు తెలియదు; అవ్వ వేయదగిన ప్రశ్న పిల్లకు చేరదు. హాలోవీన్‌కు కొంచె మిటునటుగా మనకు నరక చతుర్దశి వచ్చును. అదియు కృష్ణ చతుర్దశియే, బేతాళుని రాత్రియే. దీపములు పెట్టుకొన్న పిదప ఒక కథ చదువుడు. ప్రశ్న రాగానే పుస్తకము మూసి, రాజు సమాధానము చెప్పక, ఇంటిలో అందరికంటె చిన్నవారిని ముందుగా అడుగుడు. కడపటి కథను మాత్రము చివరకు దాచుడు. ఒక తండ్రీకొడుకులు ఒక తల్లీకూతుళ్లను పెండ్లాడిరి. తండ్రికి కూతురు, కొడుకునకు తల్లి భార్యలైరి. వారి బిడ్డలు ఒకరి కొకరు ఏ వరుస యగుదురని బేతాళు డడుగగా రాజు మౌనము వహించెను. వరుసలు తప్పకుండ పిలుచుకొను మా ఊరిలో సైతము, ఇంతవరకు ఎవరును చెప్పలేకపోయిరి.