గోరా ఇంటి పెంపకం

దేశమంతా ఉప్పు సత్యాగ్రహంతో ఉడికిపోతున్న 1930లో, అక్టోబరు 10న, గోపరాజు రామచంద్రరావు, సరస్వతి దంపతులకు, పెద్దమ్మాయి మనోరమ తర్వాత, ఒక కొడుకు పుట్టాడు. తాత పేరో ఇలవేల్పు పేరో పెట్టడం ఆనవాయితీగా ఉన్న రోజులవి. వాళ్లు ఆ పిల్లవాడికి లవణం అని పేరు పెట్టారు. తర్వాత పుట్టిన వాళ్ల పేర్లు మైత్రి, విద్య, విజయం, సమరం, నియంత, మారు. తొమ్మిదో సంతానం పేరు నౌ. హిందీలో ఆ మాటకు తొమ్మిదని అర్థం. పేరు అడిగినవాళ్లకు పేరుతో పాటు దాని కథ కూడా చెప్పుకోవలసిన పిల్లలు వాళ్లు.

పిల్లలకు వస్తువుల మీద యావ తగ్గి ఆలోచనల మీద మక్కువ పెరగాలంటే ఏం చేయాలని ఈనాటి తల్లిదండ్రులు అడుగుతున్నారు. నీతులు చెబితే ఆ పని జరగదు. అది జరిగిన ఇల్లొకటి కృష్ణా జిల్లాలో ఉండేది. ఈ స్మారకోపన్యాసం ఆ ఇంటి గురించే.

గోరాగా లోకం ఎరిగిన రామచంద్రరావు 1902లో గంజాం ప్రాంతంలోని ఛత్రపురంలో, బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో వృక్షశాస్త్రం ఎం.ఏ. చదివారు. జంధ్యం తీసేసినందుకు 1928లో కన్నవాళ్ల ఇల్లు విడవవలసి వచ్చింది. కాకినాడలో అధ్యాపకుడిగా ఉండగా, నాస్తిక భావాల కారణంగా 1933లో ఆ కొలువు పోయింది. మచిలీపట్నం హిందూ కాలేజీలో మళ్లీ ఉద్యోగం దొరికింది. దాన్ని ఆయనే వదులుకున్నారు. 1940 ఆగస్టులో ముదునూరులో నాస్తిక కేంద్రం మొదలుపెట్టారు. నెల తిరిగేసరికి జీతం వచ్చే ఇల్లు ఊరి పాకల్లోకి మారింది. అప్పటికి లవణానికి పదేళ్లు నిండలేదు.

ఆ ఇంటి పిల్లలు ఆలోచనలకు విలువ కట్టడం నేర్చుకున్నది అక్కడే. నాన్న నమ్మినదానికి నాన్నే ఖరీదు చెల్లించడం కళ్లారా చూశారు. కాలేజీలో ఒక మాట, ఇంట్లో ఒక మాట మాట్లాడి ఉంటే ఆ జీతమూ ఆ ఇల్లూ నిలిచేవి. పిల్లల మనసులో మాత్రం ఏమీ నిలిచేది కాదు.

అమ్మ పాత్ర అంతకన్నా పెద్దదని చెప్పాలి. సరస్వతికి పదేళ్ల వయసులో పెళ్లయింది. కొలంబోలో కాపురం ఉన్న రోజుల్లో గర్భవతిగా ఉండి, గ్రహణం వేళ గదిలో దాక్కోకుండా మామూలుగా తిరిగారు. ఆ రోజుల్లో అది మాటలతో అయ్యే పని కాదు. కీడు తగులుతుందని చుట్టూ ఉన్నవాళ్లు భయపెడుతుంటే, కడుపులో బిడ్డను మోస్తూ, నమ్మకాన్ని తన ఒంటి మీదే పరీక్ష పెట్టుకోవడం అది. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో ఆమె చంటిపిల్లవాడు నియంతతో పాటు జైలుకు వెళ్లారు. గోరా ఆలోచనలను సభల్లో జనం విన్నారు. వాటితో రోజూ వంట చేసి, పిల్లల్ని పెంచి, ఇల్లు నడిపినది సరస్వతి. ఆమె లేకపోతే అది ఒక మగవాడి పట్టుదల కథగానే మిగిలేది.

గాంధీజీతో గోరా సంబంధాన్ని కూడా పిల్లలు దగ్గర నుంచి చూశారు. దేవుడు లేడనే మనిషి సేవాగ్రామ ఆశ్రమానికి వెళ్లి, సత్యమే దేవుడన్న మహాత్ముడితో వాదించారు. వాదించి కూడా ఆయన వెంటే నడిచారు. ఆ సంభాషణలను తర్వాత 1951లో ఇంగ్లీషు పుస్తకంగా అచ్చువేశారు. గౌరవించే మనిషితో కాదని చెప్పవచ్చని, చెప్పాక కూడా కలిసి పనిచేయవచ్చని ఇంట్లోనే చూసిన పిల్లలకు వేరే పాఠం ఎందుకు?

పెద్దమ్మాయి మనోరమకు దళిత యువకుడు అర్జునరావుతో పెళ్లి నిశ్చయమైంది. గాంధీజీ ఆశీస్సులతో సేవాగ్రామంలో జరగాలనుకున్నారు. 1948 జనవరి 30న ఆయన హత్యకు గురయ్యారు. పెళ్లి ఆగలేదు. అదే సంవత్సరం మార్చి 13న ఆ ఆశ్రమంలోనే జరిగింది. పన్నెండేళ్ల తర్వాత, 1960లో, లవణం మహాకవి జాషువా కుమార్తె హేమలతను పెళ్లి చేసుకున్నారు. కట్నాల మాట, నగల మాట వినపడని పెళ్లిళ్లు ఇవి. కులం పోవాలని ఉపన్యాసాలిచ్చి సొంత పిల్లల దగ్గరికి వచ్చేసరికి సంబంధాలు వెతికే పెద్దలు నేటికీ ఎక్కువే. అందుకే ఈ రెండు పెళ్లిళ్లను గుర్తుపెట్టుకోవాలి.

ఇక్కడ ఒక సందేహం రావడం సహజం. తల్లిదండ్రులు ఎంచుకున్న దారికి పిల్లలెందుకు కష్టపడాలి? పదేళ్ల పిల్లవాడు పాకలో ఉంటానని కోరుకున్నాడా? కోరుకోలేదు. పెంపకమేదైనా కొంత బలవంతమే, కార్పొరేట్ హాస్టల్లో పిల్లవాణ్ణి చేర్చడం కూడా బలవంతమే. తేడా తెలియాలంటే, పెద్దయ్యాక ఆ పిల్లలు ఎటు నడిచారో చూడాలి. విద్య విజయవాడ నుంచి 1980లో, 1989లో లోక్‌సభకు ఎన్నికయ్యారు. మహిళల కోసం ఆమె స్థాపించిన సంస్థ పేరు వాసవ్య మహిళా మండలి. వాస్తవికత, సంఘదృష్టి, వ్యక్తిత్వం అనే మూడు మాటల మొదటి అక్షరాల కూర్పే ‘వాసవ్య’. సమరం వైద్యుడై, తెలుగువాళ్లు నోరెత్తడానికి సిగ్గుపడే ఆరోగ్య విషయాలను పత్రికల్లో తేటతెల్లంగా రాశారు. లవణం, హేమలత స్టువర్టుపురం వెళ్లారు. పుట్టుకతోనే నేరస్థులని బ్రిటిష్ చట్టం ముద్రవేసిన కుటుంబాల మధ్య ఏళ్ల తరబడి పనిచేశారు. నిజామాబాద్ ప్రాంతంలో జోగిని దురాచారం మీద హేమలత పోరాడారు. ఒకే ఇంటివాళ్లైన వీళ్లు ఎవరి దారి వాళ్లు వెతుక్కున్నారు. ఎవరూ ఆ ఇంటికి వీపు చూపలేదు.

గోరా వస్తువులను అసహ్యించుకున్న మనిషి కాదు. ఆయన గొడవంతా ఆడంబరం మీద. పూలమొక్కలున్న చోట కూరగాయలు పెంచమన్నారు. పాలకులు నిరాడంబరంగా బతకాలని కోరుతూ 1961–62లో సేవాగ్రామం నుంచి ఢిల్లీ దాకా వెయ్యి మైళ్లకు పైగా నడిచారు. 1975 జులై 26న, మాట్లాడుతూ మాట్లాడుతూనే కన్నుమూశారు.

ఇప్పుడు మన ఇళ్ల సంగతి. ర్యాంకు వస్తే ఫోను, సీటు వస్తే బండి. చదువును బేరంలో పెట్టింది పిల్లలు కాదు, మనం. లెక్క తెగిన క్షణంలో పిల్లవాడికి కలిగే సంతోషానికి పక్కన ఒక వస్తువు పెట్టి, అసలు బహుమతి ఇదేనని మనమే చూపిస్తున్నాం. ఫీజు కట్టడానికి ఏ ఖర్చు మానుకున్నామో, ఏ ఉద్యోగం ఎందుకు కాదన్నామో, లంచం అడిగితే ఎందుకివ్వలేదో పిల్లల ముందు మాట్లాడుకునే ఇళ్లు తగ్గిపోయాయి. ఆ మాటలు పిల్లలు నిద్రపోయాక జరుగుతున్నాయి.

గోరాలా ఉద్యోగం వదులుకోమని ఎవరినీ అడగడం లేదు. నాస్తికులు కమ్మని కూడా కాదు. ఈసారి ఇంట్లో ఏదైనా పెద్ద నిర్ణయం తీసుకునేటప్పుడు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్లు కాదంటే కారణం వినండి. నాస్తిక కేంద్రం 1947లో ముదునూరు నుంచి విజయవాడకు మారి, పటమటలో నేటికీ ఉంది. అటు వెళ్లినప్పుడు మీ పిల్లలకు ఆ తొమ్మిది మంది పేర్లూ చెప్పండి.