జ్ఞానదంతము, ఎడమచేయి
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



ఇట్టి సభలో భారతమునుగూర్చియో భాగవతమునుగూర్చియో మాటలాడక పంటినిగూర్చి మాటలాడుట మీకు వింతగా తోచవచ్చును. గ్రామపు లెక్కలు వ్రాయువాడను. నా అనుభవమునకు వచ్చిన పద్దునే చదివెదను.

సాధారణముగా 17 మొదలు 25 ఏండ్ల నడుమ మొలచు కడపటి దంతమునకు జ్ఞానదంతమని పేరు. నాకది క్రింది కుడిదవడలో అడ్డముగా మొలచి, ముప్పదియేండ్లు ఊరకుండి, నిరుడు చీము పట్టినది. పట్టణమున వైద్యుడు చిగురు కోసి దానిని తీసి, కుట్లు వేసి, "24 గంటలు పుక్కిలింపవలదు, ఉమ్మవలదు, చుట్ట ముట్టనే వలదు" అని చెప్పెను.

నేను వినలేదు. చరక సుశ్రుతులు చెప్పిన కవళ గండూషములనుగూర్చి చదివినవాడను గదా! ఆ రాత్రియే నువ్వులనూనె నోట పోసికొని గట్టిగా పుక్కిలించితిని. పన్ను తీసిన గుంటలో గడ్డకట్టిన నెత్తురే ఎముకకు కప్పు. అది ఊడిపోయినచో ఎముక బయటపడును. మూడవనాటికి నొప్పి చెవివరకు ప్రాకినది. వైద్యుడు గుంట కడిగి మందు పెట్టినగాని నిదుర పట్టలేదు. తప్పు చరకునిది కాదు. పచ్చిపుండుకడ ఆ విద్య చూపిన నాది.

ఇక అసలు సంగతి. మిగిలిన పండ్లను మెత్తని బ్రష్షుతో, పుండు తగులకుండ తోముకొనుమనిరి. కుడిచేత పట్టిన బ్రష్షు ప్రతిసారి పుండుమీదికే పోవుచుండెను. విసిగి ఎడమచేతికి మార్చితిని. ఏబదియేండ్లుగా ఆ పనికే వేచియున్నట్లు అది నిదానముగా తోమినది! నేను పుట్టుకచే ఎడమచేతివాటము వాడను. అక్షరాభ్యాసమునాడు బలపము ఎడమచేత పట్టగా, వ్రేళ్ళ కణుపులపై బెత్తముతో కొట్టి కుడిచేతికి మార్చిరి.

లోకమున నూటికి ఇంచుమించు పదిమంది ఇట్టివారు. ఎడమచేతను బాణము వేయగలవాడు గనుకనే అర్జునుడు సవ్యసాచి. సంస్కృతమున సవ్యమనగా ఎడమ. మనమేమో సరిగా జరిగినదానిని 'సవ్యముగా జరిగిన'దందుము! 1909లో గాంధీ మహాత్ముడు ఇంగ్లండునుండి దక్షిణాఫ్రికాకు ఓడలో పోవుచు 'హింద్ స్వరాజ్' వ్రాయునపుడు, కుడిచేయి అలసిన వేళ ఎడమచేత వ్రాసెను.

చెప్పుటకు సిగ్గుగానున్నది. నా మనుమరాలును ఎడమచేతనే వ్రాయును. నిరుటివరకు దాని పెన్సిలు లాగి కుడిచేతిలో పెట్టుచుంటిని. మొదట ఏడ్చెడిది, పిదప నన్ను చూడగానే పుస్తకము దాచుకొనెడిది. ఆనాడు పెరటి గుమ్మముకడ నిలిచి, "తాతయ్యా! నీవును ఎడమచేతనే తోముకొనుచున్నావే!" అన్నది. బదులు పలుకలేకపోతిని. దవడ వాచియున్నదను సాకు దొరికినది.

కొన్నివారములకు గుంట పూడినది. దాని పెన్సిలు జోలికి మరల పోలేదు. సభా ద్వారముకడ మీరు చూచిన స్వాగతపు అట్ట వ్రాసినది అదియే.